లేచి నిలుచునప్పుడు గుండె చేయు పని

"మంచము మీదనుండి లేవగానే కన్నులు చీకట్లు క్రమ్మినవి" అని ఇంటిలోని పెద్దవారు చెప్పని ఊరు లేదు. విన్నవారు ఇచ్చు సమాధానము కూడ అన్ని ఊళ్లలో ఒక్కటే: "వయస్సు మీరినది గదా!" ఈ సమాధానములో సగము నిజము కలదు, మిగిలిన సగము పొరపాటు. ఆ పొరపాటు వలన కొందరు పెద్దలు పడి తుంటి యెముక విరుగగొట్టుకొనుచున్నారు. మరికొందరు పడుదుమేమోయను భయముతో మంచము దిగక, ఉన్న బలమును గూడ పోగొట్టుకొనుచున్నారు. ఇందులో వయస్సు చేయునదెంత, మనము కూర్చుండు తీరు, పండుకొను తీరు, లేచు తీరు చేయునదెంత అనునది వేరుచేసి చూపుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ఉదాహరణమునకు చీరాలను తీసికొందము. చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెము గ్రామములలో చేనేత తరతరాల వృత్తి. నూనె పట్టించిన నూలుతో నేసిన ఇక్కడి తేలియా రుమాళ్లు ఒకప్పుడు సముద్రము దాటి అరబ్బు దేశములకు పోయినవి. జిల్లా పేరు మారినది: 1970 వరకు గుంటూరు, పిమ్మట ప్రకాశము, 2022 నుండి బాపట్ల. కాని గుంటమగ్గము ముందు నేతపనివారు కూర్చుండు తీరు మారలేదు. నేలమట్టమున కూర్చుండి, కాళ్లు గుంటలోనికి దింపి, పాదములతో చెక్కలను తొక్కుచు గంటల తరబడి నేయుదురు. అదే ఇంటిలో ఇల్లాలు రాట్నము దగ్గర నేలపై కూర్చుండి కండెలు చుట్టుచుండును. వీధిలో సాచిన పడుగునకు గంజి పట్టించువారు నిలుచుండి, అటునిటు నడచుచుందురు. వసారాలో తాతగారు మంచముపై పండుకొనియుందురు. కాళ్లు దింపి కూర్చుండుట, నేలపై కూర్చుండుట, నిలుచుండి నడచుట, పండుకొనియుండుట: ఈ నాలుగు భంగిమలలోను గుండె చేయు పని నాలుగు విధములు.

మొదట గుండె చేయు పని ఎంతయో తెలిసికొందము. ఆరోగ్యవంతుడు ఊరక కూర్చున్నప్పుడు గుండె నిమిషమునకు సుమారు 70 సార్లు కొట్టుకొనును. ఒక్కొక్క దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును బయటికి నెట్టును. అనగా నిమిషమునకు ఇంచుమించు 5 లీటర్లు. మన శరీరములోని రక్తమంతయు కూడ ఇంచుమించు అంతే. రోజునకు లెక్కించినచో దెబ్బల సంఖ్య లక్షకు చేరును. అయితే గుండె తనలోనికి వచ్చిన రక్తమును మాత్రమే బయటికి పంపగలదు. కడవలో నీరున్నగదా ముంతతో ముంచుట! ఆ రక్తము తిరిగివచ్చు దారి సిరలు. సిరలలోని కవాటములు రక్తమును గుండెవైపునకే పోనిచ్చునని ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో ప్రచురించిన గ్రంథములో నిరూపించెను. భంగిమ మారినప్పుడు మొదట మారునది ఈ తిరుగు ప్రయాణమే.

పండుకొనియున్న మనిషి తల, గుండె, పాదములు ఇంచుమించు ఒకే మట్టమున ఉండును. రక్తము గుండెకు చేరుటకు ఎక్కవలసిన ఎత్తు లేదు. కావున గుండె చక్కగా నిండి, ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తమును పంపును. ఆ మనిషి లేచి నిలిచినంతనే భూమ్యాకర్షణము వలన అర లీటరు మొదలు ముప్పాతిక లీటరు వరకు రక్తము ఛాతీనుండి కాళ్లలోనికి, పొట్ట దిగువ భాగములోనికి దిగిపోవును. గుండెకు వచ్చు రక్తము తగ్గును. ఒక్కొక్క దెబ్బకు అది పంపు రక్తము కూడ తగ్గును. ఇంతటితో ఊరకున్నచో మనము లేచినప్పుడెల్ల సొమ్మసిల్లి పడవలసినదే.

పడకుండుటకు కారణము శరీరములోని కావలివారు. మెడలో దవడ క్రింద, మెదడునకు పోవు ధమని చీలుచోట, గుండెనుండి బయలుదేరు మహాధమని వంపులో రక్తపుపోటును కనిపెట్టు నాడీతంతువులు కలవు. పోటు తగ్గెనని అవి తెలియజేయగానే మెదడు రెండు ఆజ్ఞలు పంపును. గుండెను త్వరగా కొట్టుకొమ్మనుట ఒకటి, రక్తనాళములను బిగుసుకొమ్మనుట మరియొకటి. యువకునిలో ఈ పని కొన్ని సెకండ్లలో ముగియును. అతని నాడి నిమిషమునకు పది, ఇరువది దెబ్బలు పెరుగును. అతనికి ఈ సంగతియే తెలియదు.

వీనికి తోడు మూడవ సహాయము కాళ్లలో ఉన్నది. కదలక నిలిచిన మనిషి చీలమండ దగ్గర సిరలలోని ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసము. అతడు నడక సాగించిన కొద్ది అడుగులకే అది 30కి లోపలికి దిగును. ఏలయన, పిక్కలోని కండరములు ముడుచుకొన్నప్పుడెల్ల సిరలను నొక్కి రక్తమును పైకి నెట్టును. కవాటములు దానిని మరల క్రిందికి జారనీయవు. అందువలననే పిక్కలను రెండవ గుండె అందురు. గుంటమగ్గము తొక్కు పాదములు ఈ రెండవ గుండెను ఆడించుచున్నవి. ఆ పని ఆపి, కాళ్లు గుంటలో వ్రేలాడవేసికొనియే చాలసేపు ముచ్చటలాడినచో రక్తము పిక్కలలో నిలిచిపోవును. సాయంకాలమునకు పాదములు ఉబ్బుటకు ఇదియొక కారణము.

ఇక వయస్సు చేయు మార్పులు. వృద్ధుని గుండె బలహీనమైనదని సామాన్యుల నమ్మకము. వ్యాధి లేని వృద్ధుని గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు చాలినంత రక్తమును పంపుచునే యుండును. పిండివేయు శక్తి అంతగా తగ్గదు. తగ్గునది సడలు గుణము, సర్దుకొను వేగము.

మొదటి మార్పు ధమనులలో కలుగును. వయస్సులోనున్నవారి మహాధమని గుండె దెబ్బకు సాగి, మరల ముడుచుకొనుచుండును. ఏండ్లు గడచినకొలది దాని గోడలో సాగు పదార్థము అరిగి, బిరుసు పదార్థము పెరుగును. గంజి ఎక్కువైన నూలు బిరుసెక్కినట్లుండును. అందువలన పై పోటు పెరుగును. దానికి ఎదురు నెట్టవలసివచ్చి గుండె ఎడమ జఠరిక గోడ కొంత మందమగును. రెండవ మార్పు, మందమైన గోడ త్వరగా సడలదు. గుండె నిండుట ఆలస్యమగును. పైనున్న కర్ణిక చివర తోయు రక్తముపై అది ఎక్కువగా ఆధారపడవలసివచ్చును. మూడవ మార్పు, మెదడు పంపు ఆజ్ఞకు గుండె మునుపటివలె స్పందింపదు. గుండె అందుకొనగల గరిష్ఠ వేగము 20 ఏండ్లవానికి నిమిషమునకు సుమారు 200 దెబ్బలు కాగా, 70 ఏండ్లవానికి సుమారు 150. నాల్గవది, మెడలోని కావలివారు బిరుసెక్కిన గోడలలో నున్నందున పోటులోని మార్పును మందముగా గ్రహింతురు.

ఈ నాలుగు మార్పులను, నిలుచుండుటను కలిపి చూడుడు. వృద్ధుని గుండె నిండుటకు ఎక్కువ రక్తము, ఎక్కువ కాలము కావలెను. లేచినంతనే రక్తము క్రిందికి దిగును. ఆ లోటును వేగముతో పూరింపవలెనన్న వేగము చాలదు. కావలివారు కేకవేయుట ఆలస్యము. ఆ కొద్ది సెకండ్లలో మెదడునకు రక్తము చాలక కన్నులు చీకట్లు క్రమ్మును. కాబట్టి ఇది కేవలము వయస్సు కాదు. వయస్సు నెమ్మదింపజేసిన గుండెను మనము తొందరపెట్టుట.

దీనిని ఊహింపనక్కరలేదు, కొలువవచ్చును. అయిదు నిమిషములు పండుకొనబెట్టి రక్తపుపోటు చూడవలెను. తరువాత నిలువబెట్టి ఒక నిమిషమునకు, మూడు నిమిషములకు మరల చూడవలెను. మూడు నిమిషములలోపల పై పోటు 20 గాని, క్రింది పోటు 10 గాని, అంతకు మించి గాని తగ్గినచో అది వైద్యుడు పట్టించుకొనవలసిన సంగతి. మన ఆసుపత్రులలో పోటును సాధారణముగా కూర్చుండబెట్టి ఒక్కసారే చూతురు. తల తిరుగుచున్నదని చెప్పు పెద్దవారికి నిలువబెట్టి కూడ చూడుమని వినయముగా అడుగుటలో తప్పులేదు. కొలుచునప్పుడు చేయి గుండె మట్టమున ఏదైన ఆధారముపై నుండవలెను. చేయి క్రిందికి వ్రేలాడినచో ఉన్నదానికంటె ఎక్కువ అంకె కనబడును. వీపు ఆనించి అయిదు నిమిషములు మౌనముగా కూర్చున్న పిమ్మట చూచినదే నమ్మదగిన లెక్క.

లేచుట ఎట్లు? మంచము మీదనుండి మూడు మెట్లుగా లేవవలెను. పండుకొనియుండగనే పాదములను ముందుకు వెనుకకు పది, పదునైదు సార్లు ఆడింపవలెను. తరువాత లేచి మంచము అంచున కాళ్లు దింపి ఒకటి రెండు నిమిషములు కూర్చుండవలెను. పిమ్మట దేనినైన పట్టుకొని నిలిచి, తల తేలికగా నున్నచో అడుగు వేయవలెను. లేనిచో వెంటనే కూర్చుండవలెను. మగ్గము దిగువారికి మరియొక హెచ్చరిక. చేతులు నేలకానించి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపున గుంటనుండి లేచుట చాలమంది అలవాటు. ఊపిరి బిగబట్టినప్పుడు ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు వచ్చు రక్తము ఇంకను తగ్గును. ఊపిరి విడుచుచు, కాళ్లు పైకి తీసి, గట్టుమీద కొంచెము కూర్చుండి లేవవలెను. గొంతుకూర్చుండి అంట్లు తోమువారికి, మిరపతోటలో వంగి కాయ కోయువారికి, ప్రత్తి తీయువారికి కూడ ఇదే మాట. వంగినవారు చటుక్కున నిటారుగా లేవరాదు.

ఈ చిక్కు ఎక్కువగు వేళలు నాలుగు కలవు. ఒకటి ఎండకాలము. వేడికి చర్మములోని నాళములు విప్పారును, చెమటతో నీరు పోవును. రెంటివలనను పోటు తగ్గును. రోహిణికార్తెలో కోస్తా ఊళ్లలో గాలిలోని తేమ వలన చెమట ఆరదు గనుక శ్రమ మరింత అధికము. రెండు, కడుపునిండ భోజనము చేసిన తరువాతి గంట, రెండు గంటలు. అప్పుడు రక్తము ప్రేగులవైపు మరలును. పెద్దవారికి ఒకేసారి నిండుగా కాక కొంచెము కొంచెముగా పెట్టుట మేలు. మూడు, అర్ధరాత్రి మూత్రవిసర్జనకు లేచు సమయము. పగలంతయు కాళ్లలో నిలిచిన నీరు పండుకొన్నప్పుడు రక్తములోనికి చేరి, మూత్రముగా మారి, నిద్ర లేపును. ఆ మత్తులో, ఆ చీకటిలో, ఆ తొందరలో పడుట సులభము. మంచము ప్రక్కన దీపము, పట్టుకొనుటకు ఒక ఆధారము అమర్చుట పెద్ద ఖర్చు కాదు. నాలుగు, మందులు. రక్తపుపోటునకు, మూత్రము జారీయగుటకు, మగవారికి ప్రోస్టేటు గ్రంథి బాధకు ఇచ్చు మందులలో కొన్ని లేచినప్పటి పోటును తగ్గించును. అట్లని ఎవరికి వారు మందు మానరాదు. తల తిరుగు సంగతి వైద్యునికి చెప్పినచో మోతాదునో, వేళనో మార్చును.

ఇంతవరకు వయస్సు వలన భంగిమ ఎట్లు చిక్కగునో చూచితిమి. ఇక భంగిమ వలన వయస్సు ఎట్లు పైబడునో చూతము. మన ఇండ్లలో ప్రేమ పేరిట జరుగు హాని ఇక్కడనే యున్నది.

"మామ్మా, నీవు లేవకు, అన్నియు మంచము దగ్గరకే తెత్తుము" అని మనుమలు చెప్పుదురు. వైద్యులు కూడ ఒకప్పుడు ఇట్లే చెప్పెడివారు. గుండెపోటు వచ్చినవారిని వారముల తరబడి మంచముపైనుండి కదలనిచ్చెడివారు కారు. అమెరికాలో బోస్టను నగర వైద్యులైన శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అనువారు ఈ ఆచారమును ప్రశ్నించి, రోగులను తొలి దినములలోనే చేతుల కుర్చీలో కూర్చుండబెట్టిరి. కూర్చున్నప్పుడు రక్తము కొంత కాళ్లలోనికి దిగుటచే గుండెపై భారము తగ్గునని వారి వాదము. ఆ రోగులకు హాని కలుగలేదు సరిగదా మేలే జరిగినదని 1952లో ప్రకటించిరి. నేడు గుండెపోటు తగ్గిన రోగిని త్వరగా కూర్చుండబెట్టి నడిపించుట లోకమంతట వాడుకయైనది.

మరియొక పరిశోధన 1966లో టెక్సస్ రాష్ట్రమందలి డల్లాసు నగరములో జరిగినది. 20 ఏండ్ల వయస్సుగల ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను మూడు వారములు మంచముపైనే యుంచిరి. ఆ మూడు వారములలో వారి శరీరము శ్రమలో ప్రాణవాయువును వినియోగించు శక్తి నాల్గవ వంతునకు పైగా తగ్గెను. ముప్పది ఏండ్ల తరువాత, 1996లో, ఏబదేండ్లు నిండిన ఆ అయిదుగురినే మరల పరీక్షించిరి. ముప్పది సంవత్సరముల వయస్సు చేసిన నష్టముకంటె, యౌవనమున మూడు వారముల మంచము చేసిన నష్టమే అధికమని తేలెను! అంతటితో ఆపక, ఆరు నెలలు క్రమముగా నడక, పరుగు, సైకిలు త్రొక్కుట వంటి వ్యాయామము చేయించిరి. వయస్సు వలన పోయినదనుకొన్న శక్తి వారికి తిరిగివచ్చెను. అయిదుగురి లెక్క చిన్నదే. కాని ఒకే మనుష్యులను ముప్పది ఏండ్లు వెన్నంటి చూచిన లెక్క గనుక దానికి విలువ కలదు.

పండుకొన్నంత మాత్రమున ఇంత నష్టమెందుకు? పండుకొన్నప్పుడు ఛాతీలో రక్తము ఎక్కువగా చేరును. శరీరము దానిని మిగులుగా భావించి, మూత్రపిండముల ద్వారా నీటిని వెడలించును. కొద్ది దినములలోనే రక్తము పరిమాణము తగ్గును. పని తగ్గిన గుండె కండరము కూడ సన్నగిల్లును, పిక్కలు మెత్తబడును. అంతరిక్షములో భారము తెలియని చోట కూడ ఇదే జరుగును. హైదరాబాదులో పెరిగిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో దాదాపు ఎనిమిది దినములు అంతరిక్షములో నుండి, అక్కడ యోగాసనముల ప్రయోగము గూడ చేసెను. వ్యోమగాములు భూమికి తిరిగివచ్చిన తొలి గంటలలో లేచి నిలుచుటకే తడబడుదురు. నెల దినములు మంచమున నుంచిన తాతగారిని ఒక్కసారిగా లేపి నడువుమనుట అట్టిదే. వారు తూలుట చూచి "ఇక లేవలేరు" అని తీర్మానించి మరల మంచమునకే చేర్చుదుము. వయస్సు చేయని పనిని మనము చేసి, నింద వయస్సుపై వేయుదుము.

ఎల్లప్పుడు కూర్చుండుట కూడ మంచిది కాదు. 1953లో జెరెమీ మారిస్ అను వైద్యుడు లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించెను. రోజంతయు కూర్చుండు డ్రైవర్లకంటె, మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనబడెను. మగ్గము తొక్కువారికి కాళ్లయందు కదలిక కలదు. దుకాణములో గద్దె విడువని వర్తకునికి, కుర్చీ విడువని గుమాస్తాకు అదియు లేదు. అరగంటకొకమారు లేచి నాలుగడుగులు వేయుట, లేవలేనిచో కూర్చున్నచోటనే మడమలను ఎత్తి దించుట ఏ వయస్సువారికైన సాధ్యమే.

అయితే ప్రతి లక్షణమును భంగిమపై తోసివేయరాదు. నిలిచినప్పుడు తల తిరుగుట ఒక మాట. పండుకొన్నప్పుడు ఊపిరాడకుండుట మరియొక మాట. పండుకొనగనే కాళ్లలోని రక్తము ఛాతీలోనికి వచ్చును. నీరసించిన గుండె దానిని సాగనంపజాలనప్పుడు ఊపిరితిత్తులలో నీరు చేరును. రెండు మూడు తలగడలు లేనిదే పండుకొనలేకపోవుట, నిద్రపట్టిన గంట రెండు గంటలకు ఊపిరాడక లేచి కూర్చుండుట, రెండు పాదములు ఉబ్బి నొక్కినచోట గుంటపడుట, కొద్ది దినములలోనే బరువు పెరుగుట గుండె వైఫల్యమునకు చిహ్నములు కావచ్చును. వీనిని ఉబ్బసమనియో, వయస్సనియో జాగుచేయక వైద్యునికి చూపవలెను. అట్టివారు ఎంత నీరు త్రాగవలెనో, ఎంత ఉప్పు తినవలెనో వైద్యుడే చెప్పవలెను. ఎండకు ఎక్కువ నీరు త్రాగుడను సాధారణపు సలహా వారికి వర్తింపదు.

కడపట ఒక ముఖ్యమైన సంగతి. ఎవరైన కన్నులు తిరిగి పడిపోయినప్పుడు చుట్టును చేరినవారు వారిని పట్టి లేపి కూర్చుండబెట్టుదురు. నోటిలో నీరు పోయుదురు. రెండును తప్పులే. మెదడునకు రక్తము చాలక పడిన మనిషికి శరీరము తానే చూపిన చికిత్స పడుకొనియుండుట. వెల్లకిల పండుకొనబెట్టి, కాళ్లను ఒక అడుగు ఎత్తున నిలిపి, బిగుతైన బట్టలు వదలుచేసి, గాలి తగులనిచ్చినచో చాలమందికి ఒకటి రెండు నిమిషములలో తెలివి వచ్చును. పూర్తిగా తెలివి రానిదే నోటిలో ఏమియు పోయరాదు. తెలివి రాకున్నను, ఛాతీలో నొప్పి, మాట తడబాటు, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట కనబడినను 108కి వెంటనే తెలియజేయవలెను. ఊపిరియు ఆగిపోయినచో 108ని పిలుచుచునే ఛాతీ నడుమ రెండు చేతులతో గట్టిగా, వడిగా నొక్కుచుండవలెను. లేచుచు పడినది ఒక్కసారియే అయినను మరునాడు వైద్యునికి చెప్పుట మానరాదు.

పెద్దవారి గుండె మననుండి కోరునది రెండే: లేచునప్పుడు కొంచెము వ్యవధి, లేచిన పిమ్మట కొంచెము నడక. మొదటిదానిని ఇచ్చి రెండవది ఇవ్వనిచో వారు మంచమునకు అంటిపోవుదురు. రెండవదానిని ఇచ్చి మొదటిది ఇవ్వనిచో పడిపోవుదురు. రెండును ఇచ్చిన ఇంటిలో తాతగారు మగ్గము దిగి, గట్టుమీద నిమిషము కూర్చుండి, లేచి తమ కాళ్లపై తామే భోజనమునకు రాగలరు.